కప్పు గెలిచిన మూడు రోజులకే లీగ్ నుంచి కిందికి! 2012-13 ఎఫ్.ఏ. కప్ గురించి తెలిసినోళ్లు చెప్పండి

హన్మకొండ పోరడు

అందరికి నమస్తే. నేను ఫుట్‌బాల్ చూసుడు మొదలుపెట్టి రెండేండ్లే అయితంది. హాస్టల్ల నా రూమ్మేట్ కేరళ పిల్లగాడు, వాడే అలవాటు చేసిండు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ వరకు బాగనే సమజైంది. 20 టీములు, ఒక్కో టీముకు 38 మ్యాచులు, ఆఖరి మూడు టీములు కింది డివిజన్‌కు పోతయ్. కప్ సంగతే తలకెక్కుతలేదు.

మొన్న ఎఫ్.ఏ. కప్ గెలిచినోళ్ల లిస్టు చూస్తున్న. 2010 చెల్సీ, 2011 మాంచెస్టర్ సిటీ, 2012 మళ్ల చెల్సీ. 2014, 2015 ఆర్సెనల్. నడుమ 2013ల విగన్ అథ్లెటిక్ అని ఉంది. ఈ పేరు నేను ప్రీమియర్ లీగ్‌ల ఎన్నడు చూడలే. ఎవరని ఎతికితే ఇంకో విచిత్రం కనవడ్డది. మే 11న మాంచెస్టర్ సిటీ మీద ఫైనల్ గెలిచిన్రు, మే 14న లీగ్‌ల కిందికి పోయిన్రు. గట్ల రెండూ ఒక్క సీజన్ల అయిన టీమ్ అంతకుముందు ఒక్కటి సుత లేదట.

ఇది ఎట్ల అయితది? మాంచెస్టర్ సిటీ అసొంటి టీమ్‌ను ఓడగొట్టినోళ్లు లీగ్‌ల ఎట్ల నిలవడలే? కప్ మీద పానం పెట్టి లీగ్‌ను ఇడిచిపెట్టిన్రా? నా రూమ్మేట్ అయితే "ఆ కప్పు దండుగ, లీగ్‌ల ఉంటెనే పైసలు" అంటుండు. నాకు ఆ మాట మనసున పట్టలే గని, వాదించెటందుకు నా దగ్గర ముచ్చట లేదు. ఆ సీజన్ ఫాలో అయినోళ్లు ఎవరన్న ఉంటే జర వివరంగ రాయండి.

పాయింట్ల పట్టిక (బెంగళూరు)

తమ్ముడూ, ముందు ఒకటి తెలుసుకో. లీగ్, కప్ రెండూ ఒకే సీజన్‌లో పక్కపక్కనే నడిచినా దేని లెక్క దానిదే. కప్‌లో ఎన్ని గెలిచినా లీగ్‌లో ఒక్క పాయింటు కలవదు.

ఎఫ్.ఏ. అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం. అది నడిపే ఈ కప్ నాకౌట్, ఓడిన జట్టు ఇంటికే. ఏటా ఏడు వందలకు పైగా క్లబ్బులు ఆడతాయి. ఊరి జట్లు ఆగస్టులోనే మొదలుపెడతాయి. పగలు ప్లంబింగ్ పనో బడిలో పాఠాలో చెప్పుకుని, సాయంత్రం బూట్లు వేసుకునే ఆటగాళ్లు వాళ్లు. పై రెండు డివిజన్ల జట్లు జనవరిలో మూడో రౌండులో దిగుతాయి. అప్పటికి 64 జట్లు ఉంటాయి. చీటీలు తీసి జోడీలు కడతారు. పెద్ద జట్లను విడివిడిగా ఉంచే పద్ధతి లేదు, ఎవరికి ఎవరైనా తగలొచ్చు. ఎవరి చీటీ ముందు వస్తే మ్యాచ్ వాళ్ల మైదానంలో. ఆ రోజుల్లో డ్రా అయితే రెండో జట్టు ఊళ్లో మళ్లీ ఆడేవాళ్లు, రీప్లే అని. 2024-25 నుంచి మొదటి రౌండు దగ్గర్నుంచే రీప్లేలు ఎత్తేశారు.

ఇక నీ అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో కప్పే విగన్ కొంప ముంచింది. ఏప్రిల్, మే నెలల పట్టిక చూడు. సెమీఫైనల్ ఏప్రిల్ 13న. 17న మాంచెస్టర్ సిటీతో లీగ్ మ్యాచ్, 0-1తో ఓటమి. 20న వెస్ట్‌హామ్ చేతిలో 0-2. మే 7న స్వాన్సీ, 11న ఫైనల్, 14న ఆర్సెనల్. ఫైనల్ వల్లే ఆ ఆర్సెనల్ మ్యాచ్ వారం చివరి నుంచి మంగళవారానికి జరిగింది. చిన్న జట్టు, మార్చి మార్చి ఆడించడానికి పదిహేను మంది గట్టి ఆటగాళ్లు కూడా లేరు. కాళ్లలో సత్తువ అయిపోయింది. సీజన్ ముగిసేసరికి 36 పాయింట్లతో 18వ స్థానం. 17వ స్థానంలో బతికి బయటపడ్డ సండర్లాండ్‌కు 39. మూడంటే మూడు పాయింట్లు తేడా. ఆ కప్ లేకపోతే ఆ మూడూ ఎక్కడో ఒకచోట దొరికేవి.

కప్పు గెలిచినందుకు ఎఫ్.ఏ. ఇచ్చింది 18 లక్షల పౌండ్లు. ప్రీమియర్ లీగ్‌లో ఉండటం వల్ల వచ్చే టీవీ డబ్బు కోట్ల పౌండ్లలో ఉంటుంది. మీ రూమ్మేట్ లెక్క తప్పు కాదు.

విగన్ కాలవగట్టు (మాది తెనాలి)

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాక వంట పొయ్యి ఆపేసి కూర్చున్నాను. ఆ సంవత్సరం నేను విగన్‌లోనే ఉన్నాను. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. ఎవరో ఒకరు తెలుగులో ఈ మాట అడిగితే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

2011లో వచ్చాను ఇక్కడికి. మొదటి ఉద్యోగం ఒక వృద్ధాశ్రమంలో. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. పెద్దవాళ్లను లేపడం, స్నానాలు చేయించడం, మందులు అందించడం నా పని. కిటికీ పక్క గదిలో ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు బొగ్గు గనిలో పనిచేశారట. నేను "తాతయ్యా" అని పిలిచేదాన్ని. ఆ మాటకు అర్థం చెప్పాక ఆయన తన గురించి తాను కూడా అలాగే చెప్పుకునేవారు, "టాటయ్యకు టీ కావాలి" అని. నాకు ఫుట్‌బాల్ నేర్పింది ఆయనే. తెనాలిలో మా అన్నయ్యలు క్రికెట్ తప్ప వేరేది చూడనిచ్చేవాళ్లు కాదు.

ఈ ఊరి సంగతి తెలిస్తేనే ఆ కప్పు బరువు తెలుస్తుంది. విగన్ అటు మాంచెస్టర్‌కి, ఇటు లివర్‌పూల్‌కి మధ్యలో ఉన్న బొగ్గు గనుల ఊరు, బట్టల మిల్లుల ఊరు. గనులూ పోయాయి, మిల్లులూ పోయాయి. కాలవ ఉంది, మాంసం కూరిన పైలు అమ్మే కొట్లు ఉన్నాయి. పైగా ఇది రగ్బీ ఊరు. పిల్లాడి చంకలో బంతి ఉందంటే అది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఫుట్‌బాల్ జట్టు, రగ్బీ జట్టు ఒకే స్టేడియంలో ఆడతాయి, ఊరి మనసు మాత్రం ఎక్కువగా రగ్బీ వైపే. రెండు పక్కలా మాంచెస్టర్ యునైటెడ్, సిటీ, లివర్‌పూల్, ఎవర్టన్. ఈ నాలుగు మర్రిచెట్ల కింద విగన్ అథ్లెటిక్ మొలకెత్తడమే గొప్ప.

తాతయ్య చిన్నప్పటి నుంచీ స్ప్రింగ్‌ఫీల్డ్ పార్క్ అనే పాత మైదానానికి వెళ్లేవారు. క్లబ్బు పుట్టింది 1932లో. ఆ కాలంలో ఫుట్‌బాల్ లీగ్‌లోకి రావాలంటే గెలిస్తే చాలదు, లోపల ఉన్న క్లబ్బులు ఓటు వేసి రానివ్వాలి. విగన్ ముప్పైకి పైగా సార్లు అడిగింది, ప్రతిసారీ కాదన్నారు. 1972లో విసిగిపోయి స్కాట్లాండ్ లీగ్‌కి కూడా దరఖాస్తు పెట్టారు. అక్కడా కాదన్నారు. చివరికి 1978లో సౌత్‌పోర్ట్‌ని తీసేసి విగన్‌కి చోటిచ్చారు. ఆ రోజు గని నుంచి ఇంటికి వెళ్తుంటే దారిలో ఎవరో చెప్పారని, మసి కడుక్కోకుండానే పబ్బుకి వెళ్లిపోయానని తాతయ్య నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

1995లో డేవ్ వీలన్ క్లబ్బు కొన్నప్పుడు జట్టు నాలుగో డివిజన్‌లో ఉంది. అదే ఏడు స్పెయిన్ నుంచి ముగ్గురు కుర్రాళ్లను తెచ్చారు. వాళ్లలో ఒకడు రొబెర్టో మార్టినెజ్. పద్దెనిమిదేళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు మేనేజర్ అతనే. పదేళ్లలో, అంటే 2005కి, ప్రీమియర్ లీగ్‌కి ఎక్కారు. ఎనిమిదేళ్లు నిలిచారు. ఎలా నిలిచారన్నదే నీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా.

'పట్టిక' గారూ, మీ తేదీలన్నీ నిజమే. కానీ కప్ వల్లే పడిపోయారన్న మాట ఒప్పుకోను. ఈ జట్టుకి ఏటా అంచు మీద నడవడం మామూలు. 2011లో ఆఖరి రోజున స్టోక్‌లో 1-0తో గెలిచి బయటపడ్డారు. 2012లో ఆఖరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచారు. మాంచెస్టర్ యునైటెడ్‌ని, ఆర్సెనల్‌ని, లివర్‌పూల్‌ని కొట్టి బయటపడ్డారు. 2013లో ఆ పరుగు అందలేదు, అంతే. 38 మ్యాచ్‌ల్లో 73 గోల్స్ ఇచ్చుకున్నారు. అలా వదిలేసే జట్టుని ఏ కప్పూ కొత్తగా ముంచక్కర్లేదు. స్వాన్సీతో సొంత మైదానంలో రెండుసార్లు ముందంజలోకి వెళ్లి కూడా 2-3తో ఓడారు. కాళ్లలో సత్తువ లేనివాళ్లు రెండుసార్లు ముందుకెళ్లరు. నిలబెట్టుకోవడం చేతకాలేదు. ఇంకో మాట, మొదటి రౌండుల్లో మార్టినెజ్ ముఖ్యమైన ఆటగాళ్లను కూర్చోబెట్టి రెండో వరుసవాళ్లనే ఆడించాడు. లీగ్‌ని గాలికొదిలిన మనిషి చేసే పని కాదది.

అందుకే మొదట్లో ఆటలు అంత ఇబ్బందిగా సాగాయి. జనవరి 5న బోర్న్‌మత్‌తో ఇక్కడే 1-1. వాళ్లప్పుడు మూడో డివిజన్ జట్టు. పది రోజులకు వాళ్ల ఊళ్లో రీప్లే, బొసెల్లి గోల్‌తో 1-0. తర్వాత మాకిల్స్‌ఫీల్డ్. అది లీగ్‌లోని నాలుగు డివిజన్లకూ బయట, ఐదో అంచెలో ఉన్న జట్టు, కార్డిఫ్‌ని ఇంటికి పంపి ఊపు మీద ఉంది. మొదట్లోనే జోర్డి గోమెజ్ పెనాల్టీ కొట్టి 1-0 చేశాడు, మిగతా ఆటంతా బిక్కుబిక్కుమంటూ కాచుకున్నారు. తాతయ్య రేడియో చెవికి ఆనించుకుని విన్నారు ఆ మ్యాచ్. "ఇది గెలుపు కాదు పిల్లా, తప్పించుకోవడం" అన్నారు.

హడర్స్‌ఫీల్డ్ మీద 4-1. ఆ తర్వాత మార్చి 9. ఎవర్టన్ వాళ్ల మైదానం గూడిసన్ పార్క్‌లో క్వార్టర్‌ఫైనల్. అరగంట దాటుతుండగా నాలుగు నిమిషాల్లో మూడు గోల్స్! ఫిగరోవా, మెక్‌మానమన్, గోమెజ్. నేను సెలవులో ఉండి మార్కెట్ వీధిలో కూరగాయలు కొంటున్నాను. కొట్లోంచి ఒకాయన బయటికొచ్చి ఎవరికని కాదు, వీధికే చెప్పాడు, "మూడు" అని. అప్పుడు మొదటిసారి ఈ రగ్బీ ఊళ్లో ఫుట్‌బాల్ మాట బయట వినపడింది. సెమీఫైనల్లో మిల్‌వాల్ మీద 2-0, మలోనీ, మెక్‌మానమన్. ఫైనల్‌కి చేరారు.

మే 11 శనివారం నాకు పగటి డ్యూటీ, రాత్రి ఎనిమిదింటి వరకు. మ్యాచ్ సాయంత్రం ఐదుంబావుకి. మా దగ్గర ఐదింటికే రాత్రి భోజనం పెట్టేస్తాం, దాన్ని ఇక్కడ 'టీ' అంటారు. వంటామె అందరికీ పైలు చేసింది. హాల్లో టీవీ ముందు పద్నాలుగు కుర్చీలు సర్దాం. తాతయ్య కోటు అడిగారు. ఇంట్లో కూర్చుని టీవీ చూడటానికి కోటెందుకు అని అడగబోయి ఊరుకున్నాను. నీలం తెలుపు మఫ్లర్ మెడకు నేనే చుట్టాను.

జట్టు ముందు వీలన్ నడిచి వచ్చాడు. అప్పటికి 76 ఏళ్లు. 1960 ఫైనల్లో బ్లాక్‌బర్న్ తరఫున లండన్‌లోని ఇదే వెంబ్లీ మైదానంలో ఆడుతుంటే ఆయన కాలు విరిగింది. అప్పట్లో బదులు ఆటగాడిని దింపే నియమం లేదు. మిగిలిన పదిమందే ఆడి వుల్వ్స్ చేతిలో 3-0తో ఓడారు. అతని ఆట అక్కడితో దాదాపు అయిపోయింది. 53 ఏళ్ల తర్వాత ఆ గడ్డ మీదికి తన జట్టుని నడిపించుకొచ్చాడు. తాతయ్య ఏమీ అనలేదు, నా మణికట్టు పట్టుకున్నారు.

ఆట గురించి చెప్పాలంటే, అది అదృష్టం మీద గెలిచిన మ్యాచ్ కాదు. దయచేసి మొత్తం తొంభై నిమిషాలూ చూడు. కుడివైపున మెక్‌మానమన్, 22 ఏళ్ల కుర్రాడు, మాంచెస్టర్ సిటీ రక్షణని పొద్దస్తమానం చీల్చుతూనే ఉన్నాడు. మధ్యలో మెకార్తీ, మెకార్థర్ బంతిని తొందరపడకుండా తిప్పారు. అసలు గోల్‌కీపర్ అల్ హబ్సీ, ఒమన్ దేశస్థుడు, బయట కూర్చున్నాడు. జనవరిలో స్పెయిన్ నుంచి అప్పుగా తెచ్చుకున్న జోయెల్ రోబ్లెస్ ఆడాడు. సిటీ ఆటగాడు తెవెజ్ కొట్టినదాన్ని కాలితో ఆపాడు, అది పోయి ఉంటే కథ వేరు. 84వ నిమిషంలో సిటీ ఆటగాడు జబలేటా మెక్‌మానమన్‌ని పడేసి రెండో పసుపు కార్డుతో బయటికి పోయాడు.

ఏడింటికి మందులివ్వాలి. మందుల బండి తోసుకుంటూ హాల్లోకి వచ్చాను. ఒక్కరూ నోరు తెరవలేదు, ఒక్కరూ గ్లాసు అందుకోలేదు. తొంభై నిమిషాలు దాటాయి. కార్నర్. మలోనీ కొట్టాడు. బెన్ వాట్సన్ ముందుకి దూకి తలతో తిప్పాడు. సిటీ గోల్‌కీపర్ జో హార్ట్ నిలబడిపోయాడు.

వాట్సన్ ఎవరో తెలుసా తమ్ముడూ? నవంబరులో లివర్‌పూల్‌తో ఆడుతుంటే కాలు విరిగినవాడు. 81వ నిమిషంలో గోమెజ్ బదులు దిగాడు. దిగి పది నిమిషాలు. కాలు విరిగి 1960లో కప్పు పోగొట్టుకున్న మనిషికి, కాలు విరిగి లేచిన మనిషి కప్పు తెచ్చిపెట్టాడు. ఈ మాట నాది కాదు, ఆ రాత్రి తాతయ్య అన్నది. మా హాల్లో నడవలేనివాళ్లు ఐదుగురు ఉండేవాళ్లు. అందులో ఇద్దరు లేచి నిలబడ్డారు. నేను మందుల బండికి బ్రేకు వేశానో లేదో గుర్తులేదు. కెప్టెన్లు బాయిస్, కాల్డ్‌వెల్ ఇద్దరూ కలిసి కప్పు ఎత్తారు. ఆ రోజు మందులు నలభై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చానని రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు రాశాను.

మంగళవారం రాత్రి ఆర్సెనల్. సగం ఆటకి 1-1, మలోనీ ఫ్రీకిక్. అప్పటిదాకా ఆశ ఉంది. రెండో సగంలో ఎనిమిది నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. 4-1. అయిపోయింది.

బుధవారం పొద్దున గడ్డం గీయడానికి తాతయ్య గదికి వెళ్లాను. నీ రూమ్మేట్ అడిగిందే నేనూ అడిగాను. కప్పు వద్దు, లీగ్‌లో ఉండండి అని ఎవరైనా బేరం పెడితే ఒప్పుకునేవారా అని. ఆయన సబ్బు నురగతోనే తల తిప్పి చూశారు. "కింద ఉన్నప్పుడు నేను వెళ్లలేదా?" అన్నారు. ఇంకేమీ అనలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు.

ముషీరాబాద్ పెద్దమనిషి

అమ్మా, బాగ రాసినవ్. చదువుతుంటే మా నాయన యాదికొచ్చిండు.

పిల్లగాడా, నువ్వు హన్మకొండల ఉండి ఇంగ్లండు కప్ గురించి అడిగినవ్, మంచిదే. మన హైదరాబాద్ ముచ్చట గూడ ఒకటి ఎరుక చేసుకో. బొంబాయిల రోవర్స్ కప్ అని నాకౌట్ టోర్నమెంట్ ఉండె. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదుసార్లు దాన్ని గెలిచింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అసొంటి కలకత్తా టీములు రాజ్యమేలుతున్న జమానా అది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. ఆయన చేతి కిందనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో జాగ సంపాదించింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం గెలిచింది. మన సికింద్రాబాద్ పిల్లగాడు తులసీదాస్ బలరామ్ ఆ రెండిట్ల ఆడిండు.

మా నాయన చెప్తుండె, బొంబాయికి పోయిన టీమ్ గెలిచిందా లేదా అని తెల్లారి పేపర్ వచ్చేదాక ఇరానీ హోటల్ల కూసుండెటోళ్లట. లీగ్‌ల ఒక మ్యాచ్ ఓడితే ఇంకోటి ఉంటది. నాకౌట్‌ల ఓడితే రైలెక్కి వచ్చుడే. అందుకే ఆ గెలుపులు గల్లీల పేర్లతోని సహా యాదున్నయ్ మా నాయనకు. లీగ్‌ల ఎన్నో నంబరు వచ్చిన్రో ఒక్కటి యాదికి లేకుండె.

పైసల లెక్క చెప్పిన బాబుకు ఒక మాట. పోలీస్ టీమ్ పిల్లలు నౌకరీ జీతం మీద ఆడిన్రు. వాళ్లు పైసల కోసం ఆడితే ఆ ఐదు కప్పులు వచ్చేటివి కావు.

పాయింట్ల పట్టిక (బెంగళూరు)

పెద్దాయనా, ఒప్పుకుంటున్నాను. అక్కా, 73 గోల్స్ సంగతి నేను చూడలేదు. ఇప్పుడే చూశాను. అలసట వల్ల మూడు పాయింట్లు పోయాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బు గురించి అన్నది మాత్రం అలాగే ఉంచుతాను. తర్వాత ఆ క్లబ్బుకి జరిగింది చూస్తే అది చిన్న విషయం కాదు.

హన్మకొండ పోరడు

అక్కా, మీ పోస్టు రూమ్మేట్‌కు చదివి ఇనిపించి హిందీల చెప్పిన. వాడు ఏం మాట్లాడలే, ల్యాప్‌టాప్ తెరిచి ఫైనల్ పెట్టిండు. ఆ సీజన్ల ఇంకేమన్న చూడదగ్గ మ్యాచులు ఉన్నయా? ఇంకోటి, విగన్ ఇప్పుడు ఎక్కడుంది?

విగన్ కాలవగట్టు (మాది తెనాలి)

ఉన్నాయి తమ్ముడూ. ఆ ఏడాది కప్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది విగన్ మ్యాచ్ కాదు. జనవరి 26న లూటన్ నారిచ్ వెళ్లి 1-0తో గెలిచింది. లూటన్ అప్పుడు ఐదో అంచె, నారిచ్ ప్రీమియర్ లీగ్. 80వ నిమిషంలో రెండెల్ గోల్. లీగ్ బయటి జట్టు పై డివిజన్ జట్టుని కప్‌లో కొట్టడం 1989లో సట్టన్ యునైటెడ్ కోవెంట్రీని కొట్టిన తర్వాత అదే మొదటిసారి. మర్నాడే ఓల్డ్‌హామ్ లివర్‌పూల్‌ని 3-2తో ఓడించింది. మాట్ స్మిత్ అనే తాటిచెట్టంత సెంటర్ ఫార్వర్డ్ రెండు కొట్టాడు. తర్వాతి రౌండులో ఎవర్టన్‌తో ఆఖరి క్షణంలో గోల్ వేసి 2-2 చేసి రీప్లే తెచ్చిందీ అతనే. బ్రెంట్‌ఫర్డ్ కూడా చెల్సీతో 2-2 ఆడింది, రీప్లేలో 4-0తో ఓడింది. ఓడితే ఓడింది గానీ, చిన్న జట్టుకి చెల్సీ మైదానంలో ఆడే రాత్రి దక్కింది, టికెట్ల డబ్బులో వాటా దక్కింది. అందుకే రీప్లేలు ఎత్తేసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఇప్పటికీ అది తప్పనే అంటాను.

డిసెంబరులో ఇంకో మ్యాచ్ ఉంది, తప్పకుండా దాని వెనక సంగతి చదువు. వింబుల్డన్ క్లబ్బుని లండన్ నుంచి ఎత్తుకెళ్లి మిల్టన్ కీన్స్‌లో పెట్టి పేరు కూడా మార్చేశారు. వదిలేసిన అభిమానులు 2002లో సొంతంగా ఏ.ఎఫ్.సీ. వింబుల్డన్ పెట్టుకుని అట్టడుగు నుంచి ఎక్కి వచ్చారు. ఆ రెండు జట్లూ మొదటిసారి ఎదురుపడింది ఈ కప్‌లోనే, రెండో రౌండులో. మిల్టన్ కీన్స్ చివరి నిమిషాల్లో మడమతో తాకిన గోల్‌తో 2-1తో గెలిచింది. ఆ రోజు తాతయ్య టీవీ ఆపేయమన్నారు.

ఫైనల్ అయిన రెండు రోజులకి మాంచెస్టర్ సిటీ మేనేజర్ మంచీనిని తీసేసింది. లీగ్ గెలిచి సరిగ్గా ఏడాది అయిన రోజది. మార్టినెజ్‌ని జూన్‌లో ఎవర్టన్ తీసుకెళ్లింది. మార్చిలో తన చేతిలో 3-0తో దెబ్బతిన్న క్లబ్బే.

విగన్‌కి ఆ తర్వాత మంచి రోజులూ వచ్చాయి, చెడ్డ రోజులూ వచ్చాయి. కప్పు పుణ్యాన కింది డివిజన్‌లో ఉంటూనే యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్ ఆడారు. 2014లో క్వార్టర్‌ఫైనల్లో మళ్లీ మాంచెస్టర్ సిటీనే, ఈసారి వాళ్ల మైదానంలో, 2-1తో కొట్టారు. 2018లో అదే సిటీ మీద విల్ గ్రిగ్ గోల్‌తో 1-0, మూడోసారి. అప్పుడు విగన్ మూడో డివిజన్‌లో ఉంది. 2020లో క్లబ్బు డబ్బుల్లేక అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా అంచున బయటివాళ్ల నిర్వహణలోకి వెళ్లింది, 12 పాయింట్లు కోత పెట్టారు, మళ్లీ మూడో డివిజన్. 'పట్టిక' గారు డబ్బు గురించి చెప్పింది ఆ వేసవిలో మాకు బాగా తెలిసొచ్చింది. ఊళ్లో జనం తలా కొంత వేసుకుని క్లబ్బుకి ఇచ్చారు. నేనూ నా వంతు ఇచ్చాను.

పెద్దాయనా, రోవర్స్ కప్ సంగతి నాకు తెలియదు. ఐదేళ్లు వరుసగా అంటే మామూలు మాట కాదు. మీ నాన్నగారు చెప్పిన మ్యాచ్‌లు మీకు గుర్తున్నంత వరకు విడిగా ఒక పోస్టుగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

తమ్ముడూ, తాతయ్య 2015లో పోయారు. ఆ మఫ్లర్ వాళ్లమ్మాయి నాకిచ్చింది. మా పాపకి ఇప్పుడు పదేళ్లు, చలికాలం శనివారాలు అదే చుట్టుకుని నాతో మ్యాచ్‌కి వస్తుంది. మీ రూమ్మేట్ ఫైనల్ పెట్టాడు కదా, 81వ నిమిషం దగ్గర కాసేపు ఆపి వాట్సన్ లోపలికి వచ్చేటప్పుడు చూడండి. అప్పటికింకా ఎవరికీ ఏమీ తెలియదు.